1943 ఫిబ్రవరి 20, కియామిచి కొండలు: యుద్ధం దాకా వెళ్ళకుండానే పోయిన నలుగురు క్యాడెట్లు

డాలస్_వాసి

అందరికీ నమస్కారం. డాలస్‌కి తూర్పున టెరెల్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఓక్‌లాండ్ మెమోరియల్ పార్క్ శ్మశానంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ క్యాడెట్ల సమాధులు ఇరవై ఉన్నాయి. మా పెద్దబ్బాయికి విమానాలంటే ప్రాణం. వాడి కోసం ఊళ్ళో ఉన్న నంబర్ 1 బ్రిటిష్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ మ్యూజియం చూసి, అక్కణ్ణుంచి శ్మశానానికి వెళ్ళాం. వీళ్ళలో ఎవరూ జర్మన్ విమానాన్ని ఎదుర్కోలేదు. నేర్చుకుంటూ నేర్చుకుంటూనే పోయారు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. 1940 తర్వాత బ్రిటన్‌కి పైలట్లు కావాలి, కానీ నేర్పడానికి చోటు లేదు. వాతావరణం బాగుండదు, రాత్రయితే లైట్లన్నీ ఆర్పేయాలి, ఆకాశం నిండా యుద్ధ విమానాలే. అందుకని కెనడాకి, దక్షిణాఫ్రికాకి, దక్షిణ రొడీషియాకి (నేటి జింబాబ్వే), అమెరికాకి కుర్రాళ్ళను పంపారు. 1941 వేసవిలో మొదటి బ్యాచ్ అమెరికా వచ్చేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు కాబట్టి యూనిఫాం వేసుకోకుండా, మామూలు సూట్లలో దేశంలోకి అడుగుపెట్టారు. టెరెల్ స్కూల్ మొదట డాలస్ లవ్ ఫీల్డ్‌లో మొదలై, అదే ఏడాది టెరెల్‌కి మారింది. ఇలాంటి స్కూళ్ళు టెక్సస్, ఓక్లహోమా, కాలిఫోర్నియా, అరిజోనా, ఫ్లోరిడాల్లో ఉండేవి. నేర్పేది అమెరికన్ సివిలియన్ ఇన్‌స్ట్రక్టర్లు, పైన పర్యవేక్షణ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌ది.

1943 ఫిబ్రవరి 20, శనివారం. టెరెల్ నుంచి ఓక్లహోమాలోని మయామి అనే ఊరికి నావిగేషన్ శిక్షణ కోసం ఏటి-6 విమానాలు బయల్దేరాయి. ఒక్కో దాంట్లో ఇద్దరు క్యాడెట్లు. ఒకరు నడుపుతారు, రెండోవారు మ్యాప్ చూసి దారి చెబుతారు. ఇన్‌స్ట్రక్టర్ ఉండడు. దారిలో ఆగ్నేయ ఓక్లహోమాలో కియామిచి కొండలున్నాయి. అక్కడ మబ్బు, మంచు కమ్మేశాయి. రెండు విమానాలు కొండల్ని ఢీకొన్నాయి. నలుగురూ చనిపోయారు. 2000లో, సరిగ్గా అదే తేదీన, పుష్మతాహా కౌంటీలో మోయర్స్ దగ్గర వాళ్ళకో స్మారకం కట్టారు. దాని వెనక ఆ చుట్టుపక్కల బడిపిల్లలు చేసిన పరిశోధన ఉంది.

పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో బ్రిటన్ గగనతల యుద్ధం గురించి, నార్మండీ గురించి బోలెడంత దొరుకుతుంది. ఇలాంటి చావుల గురించి మాత్రం ఎక్కడో అడుగున ఒక వాక్యం. నా ఉద్దేశంలో వీళ్ళు కూడా యుద్ధంలో పోయినవాళ్ళే, ఆ లెక్కలోనే చెప్పుకోవాలి. మీరేమంటారు?

చరిత్రప్రియ

మంచి విషయం ఎత్తారండీ. ఈ చావులు అరుదైనవి కావు, అందుకే ముందు అంకెలు చెబుతాను.

1941 డిసెంబర్ నుంచి 1945 ఆగస్టు వరకు అమెరికా సొంత గడ్డ మీదే ఆర్మీ ఎయిర్‌ఫోర్స్ విమానాలకు 52,000కు పైగా ప్రమాదాలు జరిగాయి. సుమారు 15,000 మంది చనిపోయారు. శత్రువు విమానం ఒక్కటీ లేని ఆకాశంలో! అన్నిటికన్నా దారుణమైన ఏడాది ఈ నలుగురు పోయిన 1943. ఆ ఒక్క ఏడాదిలోనే 5,600 మందికి పైగా పోయారు. సగటున రోజుకి పదిహేను మంది.

బ్రిటన్ వైపు చూస్తే, రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో బాంబర్లు నడిపే విభాగమైన బాంబర్ కమాండ్‌లో మొత్తం 55,573 మంది విమాన సిబ్బంది చనిపోయారు. అందులో ఎనిమిది వేలకు పైగా శిక్షణలోనూ, యుద్ధంతో నేరుగా సంబంధం లేని ప్రమాదాల్లోనూ పోయినవాళ్ళే. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. కెనడాలో నడిచిన కామన్వెల్త్ శిక్షణ పథకం 1,31,553 మందిని తయారు చేసింది, అక్కడ 856 మంది పోయారు. అమెరికా ఆర్మీ స్కూళ్ళలో బ్రిటిష్ కుర్రాళ్ళకు నేర్పిన ఆర్నాల్డ్ స్కీమ్‌లో పోయినవాళ్ళ సమాధులు అలబామాలోని మాంట్‌గమరీలో వరుసలుగా ఉన్నాయి.

మీరు చూసిన ఇరవై సమాధులు ఇంత పెద్ద లెక్కలో ఒక చిన్న తునక.

గాలిపటం

నేను ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటున్నాను. నాకు అర్థం కానిది ఒకటి. ముందు మబ్బు కనిపిస్తోంది కదా, వెనక్కి తిరగొచ్చు కదా? ఇద్దరున్నారు, మ్యాప్ ఉంది, కొండలు మ్యాప్‌లో ఉంటాయి. అందులోనూ రెండు విమానాలు ఒకే రోజు, ఒకే ప్రాంతంలో! తప్పు పట్టాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

పాత_హ్యాంగర్

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను పైలట్‌ని కాదు. ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ సిబ్బందిగా పనిచేసి రిటైరయ్యాను. విమానాలు పంపడం, వాటి కోసం ఎదురుచూడడం నా ఉద్యోగం. నాకు తెలిసింది చెబుతాను.

మబ్బులోకి కావాలని ఎవరూ వెళ్ళరు. మబ్బు కింద, నేల కనబడేలా ఎగురుతుంటారు. మైదానం మీద ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. కొండల ప్రాంతం రాగానే కింద నేల మెల్లగా లేస్తుంది, పైన మబ్బు అంతే మెల్లగా దిగుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ నిమిషనిమిషానికీ తగ్గుతుంది. ఒక్కసారిగా మూసుకుపోతే ఎవరైనా తిరిగిపోతారు. అలా జరగదు. ‘ఇంకొంచెం ముందుకెళ్తే విచ్చుకుంటుందేమో’ అనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు వేగం లెక్క చూడు. ఏటి-6 గంటకి దాదాపు 240 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకో. అంటే నిమిషానికి 4 కిలోమీటర్లు. ముందు ఒక కిలోమీటరే కనిపిస్తుంటే, కొండ కంటపడ్డాక చేతిలో ఉండేది 15 సెకన్లు. అందులోనే కొండని గుర్తుపట్టాలి, నిర్ణయం తీసుకోవాలి, విమానాన్ని తిప్పాలి. లోయ ఇరుగ్గా ఉంటే తిరగడానికి చోటే చాలదు.

రెండోది ఆల్టిమీటర్. అది ఎత్తుని నేరుగా కొలవదు, గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తుగా చూపిస్తుంది. బయల్దేరిన చోటి ఒత్తిడికి సరిచేసి పెట్టుకుంటారు. వాతావరణం చెడిన చోట ఒత్తిడి తక్కువగా ఉంటుంది. ఒక్కో మిల్లీబార్ తగ్గితే సుమారు 30 అడుగుల తేడా వస్తుంది. పదిహేను మిల్లీబార్లు తగ్గిన చోటికి వెళ్తే, నువ్వు అనుకున్న దానికన్నా 400 అడుగులకు పైగా కిందున్నట్టు. పరికరం మాత్రం అంతా బాగానే ఉందని చూపిస్తుంది. కొత్త ఒత్తిడి ఎంతో రేడియోలో ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఆ రోజు ఆ రెండు విమానాల్లో ఇదే జరిగిందని అనడం లేదు. తిరిగొచ్చి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. కానీ ఆ కాలంలో కొండల్ని గుద్దుకున్న విమానాల వెనక ఎక్కువగా ఉండేవి ఇవే.

గాలిపటం

థాంక్స్ అన్నా. ఆల్టిమీటర్ సంగతి క్లాసులో చదివాను. అది ప్రాణం మీదకి ఎలా వస్తుందో ఇప్పుడు బోధపడింది. మరి మబ్బులోకి వెళ్ళిపోయాక పైకి లేపుకుంటూ పోతే సరిపోదా?

పాత_హ్యాంగర్

పరికరాలు చూసి నడపడం బాగా అలవాటైనవాళ్ళకి సరిపోతుంది. లేనివాళ్ళకి అక్కడే అసలు గండం. చెవి లోపలి భాగం మనకి ఒరుగుడు చెబుతుంది. కానీ విమానం మెల్లగా ఒక పక్కకి ఒరిగితే దానికి తెలియదు. కొంతసేపు ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే, నేరుగానే పోతున్నామని నమ్మేస్తుంది. నేల, దిగంతం కనిపించనప్పుడు శరీరం చెప్పేదంతా అబద్ధమే. ఒరిగిన విమానం ముక్కు దించుతుంది, వేగం పెరుగుతుంది. పైలట్ స్టిక్ వెనక్కి లాగుతాడు, చుట్టు ఇంకా బిగుస్తుంది.

1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. పరికరాల మీద ఎగరడం రాని ఇరవై మందిని మబ్బులో ఉన్నట్టుండే పరిస్థితిలోకి నెట్టారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

వానమబ్బు

పాత_హ్యాంగర్ గారు చెప్పిన చోటి నుంచే అందుకుంటాను. ఈ పరికరాల శిక్షణ విషయంలో 1943 పెద్ద మలుపు. అమెరికన్ ఆర్మీకి ఈ పాఠం తొమ్మిదేళ్ళ ముందే ఒకసారి తగిలింది. 1934లో ప్రభుత్వం ఎయిర్‌మెయిల్ మోసే పని ఆర్మీ పైలట్లకి అప్పగిస్తే, చలికాలపు తుపాన్లలో కొన్ని వారాల్లోనే పన్నెండు మంది దాకా చనిపోయారు. దాని తర్వాతే ఆర్మీ లింక్ ట్రైనర్లు కొన్నది. నేల మీదే ఉండి, మూత వేసుకుని, పరికరాలు మాత్రమే చూస్తూ నేర్చుకునే పెట్టె అది. యుద్ధకాలంలో క్యాడెట్లందరూ అందులో కూర్చున్నారు. కానీ కొన్ని గంటల లింక్ ట్రైనర్‌కీ, నిజమైన మబ్బులో కొండల మధ్య ఉండటానికీ చాలా దూరం.

ఇక్కడ జోసెఫ్ డక్‌వర్త్ అనే అధికారి గురించి చెప్పాలి. యుద్ధానికి ముందు ఎయిర్‌లైన్ పైలట్. శిక్షణ పూర్తిచేసి వెళ్తున్న కుర్రాళ్ళకి పరికరాల మీద ఎగరడం సరిగ్గా రావడం లేదని, అలాగే యుద్ధానికి పంపుతున్నామని ఆయనకు భయం పట్టుకుంది. అప్పటిదాకా నేర్పే పద్ధతిలో రెండు మూడు పరికరాల మీదే ఆధారపడేవాళ్ళు. ఆయన కృత్రిమ దిగంతం అనే పరికరంతో సహా ప్యానెల్ మొత్తం వాడుతూ ఎగిరే పద్ధతిని తయారు చేశాడు. అదే ఆర్మీ అంతటా పాకింది.

1943 జూలై 27న, అంటే కియామిచి ప్రమాదం జరిగిన అయిదు నెలలకు, ఆయన టెక్సస్‌లోని బ్రయన్ ఫీల్డ్ నుంచి గాల్వెస్టన్ దగ్గర తీరం దాటుతున్న తుపాను మధ్యలోకి విమానం నడిపి తిరిగొచ్చాడు. తుపాను కంట్లోకి కావాలని వెళ్ళిన మొదటి ప్రయాణాల్లో అదొకటి. విమానం ఏదనుకుంటున్నారు? ఏటి-6. అక్కడ పరికరాల శిక్షణకి వచ్చిన బ్రిటిష్ పైలట్లు ఈ చిన్న విమానం గాలివానకి తట్టుకుంటుందా అని వెక్కిరించడంతో వెళ్ళాడని చెబుతారు. అదే రకం విమానం, బయల్దేరింది అదే రాష్ట్రం నుంచి, అదే ఏడాది. తేడా అంతా చేతిలో ఉన్న విద్యలో ఉంది. ఆ నలుగురికీ ఆ విద్య పూర్తిగా అందేలోపే మబ్బు వచ్చేసింది. నన్ను బాధపెట్టేది ఇదే.

నిజమడుగు

అందరూ బాగా రాశారు. కానీ ఒక మాట కటువుగా చెప్పాలి. శిక్షణ నెమ్మదిగా ఇచ్చుంటే వీళ్ళు బతికేవాళ్ళని అందరూ సూచనగా అంటున్నారు. 1940లో, 41లో బ్రిటన్ పరిస్థితి ఏమిటి? రేపు ఉంటామో లేదో తెలియదు. 1942 మే 30న జర్మనీలోని కొలోన్ నగరం మీద బాంబులు వేయడానికి 1,047 విమానాలు పంపారు. ఆ సంఖ్య చేరడానికి శిక్షణ యూనిట్లలోని ఇన్‌స్ట్రక్టర్లనీ, ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళనీ కూడా ఎక్కించారు. అంత కొరత. ప్రతి పైలట్‌కీ ఇంకో యాభై గంటలు, మంచి వాతావరణంలోనే ఎగరాలనే నియమం పెట్టుకుంటే యుద్ధం ఎన్ని నెలలు సాగేది? ఆ ఒక్కో నెలకీ యూరప్ క్యాంపుల్లో, ముట్టడిలో ఉన్న నగరాల్లో ఎంతమంది పోతుండేవాళ్ళు? ఆ నలుగురి పట్ల గౌరవం నాకూ ఉంది. అయినా ఆ వేగం తప్పనిసరి.

చరిత్రప్రియ

నిజమడుగు గారూ, మీ వాదనలో సగంతో నేను ఏకీభవిస్తాను. తొందర తప్పదు. కానీ తొందర వల్ల పోయినవాళ్ళు, నిర్లక్ష్యం వల్ల పోయినవాళ్ళు ఒకటి కాదు. అన్నిటినీ ‘యుద్ధం కదా’ అన్న ఒక్క మాట కింద కప్పేస్తే రెండోది కనబడకుండా పోతుంది.

మార్టిన్ బి-26 మరాడర్ అనే బాంబర్ కథ చూడండి. చిన్న రెక్కలు, ఎక్కువ బరువు, దిగేటప్పుడు చాలా వేగం. 1942లో ఫ్లోరిడాలోని మెక్‌డిల్ ఫీల్డ్‌లో ఎన్ని పడిపోయాయంటే, టాంపా అఖాతంలోకి రోజుకొకటి అన్న మాట పుట్టింది. సెనేటర్ ట్రూమన్ కమిటీ దాకా వెళ్ళింది. ఆ విమానాన్ని మొత్తంగా ఆపేయాలా అని విచారించారు. అప్పుడు బయటపడినవేమిటి? నేర్పేవాళ్ళకే ఆ విమానం మీద అనుభవం లేదు. మెకానిక్‌లు కొత్త. ప్రొపెల్లర్ కోణం మార్చే విద్యుత్ వ్యవస్థకి బ్యాటరీ బలం కావాలి. నేల మీద పరీక్షలతో బ్యాటరీ నీరసించిపోతే, టేకాఫ్‌లో ప్రొపెల్లర్ అదుపు తప్పి ఇంజన్ పనికిరాకుండా పోయేది. ఒక ఇంజన్ మీద ఎగరడం అసాధ్యమని కుర్రాళ్ళు నమ్మేశారు. జిమ్మీ డూలిటిల్ లాంటి పేరున్న పైలట్లు ఒక ఇంజన్ ఆపి ఎగిరి చూపించాక ఆ భయం తగ్గింది. తర్వాత రెక్కల పొడవు 65 అడుగుల నుంచి 71 అడుగులకు పెంచారు, శిక్షణ మార్చారు, నిర్వహణ మార్చారు. యూరప్ యుద్ధంలో అతి తక్కువ నష్టాలతో బయటపడ్డ అమెరికన్ బాంబర్లలో చివరికి ఇదీ ఒకటైంది.

అంటే యుద్ధం ఆగకుండానే, వేగం తగ్గకుండానే ప్రాణాలు కాపాడటం సాధ్యమైంది. ఎవరో కూర్చుని ‘ఎందుకు పడిపోతున్నాయి’ అని పట్టుదలగా అడిగినందువల్ల. ఆ ప్రశ్న ముందే అడిగుంటే?

ఇంకో మాట. శిక్షణని మరీ కుదించేస్తే యుద్ధం గెలవరు కూడా. పెట్రోలు లేక, వ్యవధి లేక 1944 నాటికి జర్మన్ కొత్త పైలట్ల శిక్షణ గంటలు మిత్రరాజ్యాల పైలట్ల గంటల్లో సగానికి కూడా చేరలేదు. వాళ్ళు మొదటి కొన్ని ప్రయాణాల్లోనే రాలిపోయారు.

పాత_హ్యాంగర్

చరిత్రప్రియ గారు బ్యాటరీ మాట ఎత్తారు కాబట్టి నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. ప్రమాదాల నివేదికల్లో అతి తేలిగ్గా రాసే మాట ‘పైలట్ తప్పిదం’. చనిపోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు కదా.

బి-17 బాంబర్లు, ఇంకొన్ని విమానాలు దిగిన తర్వాత రన్‌వే మీదే పొట్ట మీద కూలబడటం జరిగేది. రెక్కల ఫ్లాప్‌లు ఎత్తబోయి పైలట్ చక్రాలు ఎత్తేసేవాడు. ప్రతిసారీ పైలట్ తప్పిదమనే రాసేవారు. 1943లో ఆల్ఫాన్స్ షాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే, ఆ రెండు మీటలూ పక్కపక్కనే, దాదాపు ఒకే ఆకారంలో ఉన్నాయి. రవాణా విమానాల్లో మీటలు వేరే తీరుగా ఉండేవి, అక్కడ ఈ తప్పు జరగడం లేదు. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ మీటకి రెక్క ఆకారపు పిడి తగిలించాడు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఆ ప్రమాదాలు తగ్గిపోయాయి. ఈనాటికీ విమానాల్లో చక్రాల మీట కొసన చక్రం ఆకారమే ఉంటుంది.

శిక్షణ కాకపోయినా దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. 1943 ఆగస్టు 1న సెయింట్ లూయిస్‌లో జనం ముందు సైనిక గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ప్రదర్శన ఇచ్చారు. నగర మేయర్ విలియం డీ బెకర్ కూడా అందులో ఎక్కారు. లాగుతున్న విమానం నుంచి తాడు వదిలేశాక రెక్క విరిగిపోయింది, పదిమందీ చనిపోయారు. కారణం రెక్కని ఆపే స్ట్రట్ దగ్గర ఒక లోహపు భాగం. ఉండాల్సిన దానికన్నా పలచగా తయారైంది, తనిఖీలో పట్టుకోలేదు. వేల జనం చూస్తుండగా జరిగింది కాబట్టి, మేయర్ ఉన్నారు కాబట్టి ఆ ముక్కని వెతికి పట్టుకున్నారు. ఇద్దరు క్యాడెట్లు ఎక్కడో అడవిలో పడి కాలిపోతే అంత వెతుకులాట ఎన్నిసార్లు జరిగుంటుంది?

సర్వీసులో ఉండగా నేను సంతకం పెట్టి పంపిన ప్రతి విమానం దిగేదాకా నాకు కుదురుండేది కాదు. టెన్షన్‌తో హ్యాంగర్ బయటే నిలబడేవాణ్ణి. అందుకే ఆ మాట చదివినప్పుడల్లా కోపం వస్తుంది.

నిజమడుగు

పాత_హ్యాంగర్ గారూ, మీటల సంగతి నాకు తెలియదు, మంచి ఉదాహరణ. కానీ పైలట్ తప్పిదమే ఉన్న కేసులు కూడా చాలా ఉన్నాయి. అనుమతి లేకుండా ఇళ్ళ మీద, నదుల మీద తక్కువ ఎత్తున ఎగిరి పడిపోయినవాళ్ళు కెనడాలోనూ బ్రిటన్‌లోనూ ఎందరో. పందొమ్మిదేళ్ళ కుర్రాడి చేతికి 600 హార్స్‌పవర్ ఇస్తే ఏం చేస్తాడో అదే చేశారు. దాన్ని కూడా వ్యవస్థ మీదే వేస్తారా?

పాత_హ్యాంగర్

వేయను. అది వాళ్ళ తప్పే. కానీ వాళ్ళమ్మకి కొడుకు పోయిన బాధలో తేడా ఉండదండీ.

వానమబ్బు

అనుభవం లేనివాళ్ళే పోయారనుకోకండి. రిచర్డ్ హిల్లరీ పేరు కొందరైనా విని ఉంటారు. 1940లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నడిపి, మంటల్లో ముఖం, చేతులు కాలిపోయి, ఎన్నో ఆపరేషన్ల తర్వాత మళ్ళీ పట్టుబట్టి విమానం ఎక్కాడు. 1943 జనవరి 8న స్కాట్లండ్‌లోని చార్టర్‌హాల్ అనే శిక్షణ కేంద్రంలో, రాత్రిపూట ప్రాక్టీసులో బ్లెన్‌హైమ్ విమానం కూలి చనిపోయాడు. పక్కనున్న నావిగేటర్ కూడా పోయాడు. ఆ చేతులతో కంట్రోల్స్ సరిగ్గా పట్టుకోగలడా అని తోటివాళ్ళకే అనుమానం ఉండేదట. ఆయన్ని మళ్ళీ విమానం ఎక్కనిచ్చినవాళ్ళకి ఏమనిపించిందో.

బ్రిటన్‌లో ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్లలో పోయినవాళ్ళు మరో రకం దురదృష్టవంతులు. టెరెల్ లాంటి చోట అంతా దాటి, రెక్కల బ్యాడ్జీ పెట్టుకుని, సముద్రం దాటి ఇంటికొచ్చి, యుద్ధంలో అలిసిపోయి పక్కన పెట్టేసిన పాత వెల్లింగ్టన్, విట్లీ బాంబర్ల మీద చివరి పాఠాలు నేర్చుకునేవారు. వేల్స్ కొండల్లో, పీక్ డిస్ట్రిక్ట్‌లో, స్కాట్లండ్‌లో ఆ విమానాల ముక్కలు నేటికీ ఉన్నాయి. టెక్సస్ వెలుతురులో ఎగరడం నేర్చుకున్నవాడికి బ్రిటన్ చలికాలపు రాత్రి, కింద ఒక్క దీపం లేని నేల, పూర్తిగా వేరే ప్రపంచం.

నీలిరెక్క

ఆలస్యంగా చేరుతున్నాను. ఎవరూ మహిళా పైలట్ల మాట ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. అమెరికాలో 1,074 మంది మహిళలు శిక్షణ పూర్తిచేసి వాస్ప్ అనే సంస్థలో సైనిక విమానాలు నడిపారు. కొత్త విమానాలు ఫ్యాక్టరీల నుంచి తీసుకెళ్ళడం, గన్నర్ల ప్రాక్టీసు కోసం వెనకాల గుడ్డ లక్ష్యాన్ని లాగుతూ ఎగరడం, మరమ్మతు చేసినవాటిని పరీక్షించడం వాళ్ళ పని. శిక్షణలో, విధుల్లో కలిపి 38 మంది చనిపోయారు.

కాగితం మీద వాళ్ళు సైనికులు కాదు, సివిలియన్లు. అందుకని శవపేటిక మీద జెండా కప్పే హక్కు లేదు. కుటుంబానికి భృతి లేదు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చుకి తోటి అమ్మాయిలే చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరుగుతుండగా ఒక శిష్యుడికి ఎగరడం నేర్పుతూ గాల్లో ఉండి, జపాన్ విమానాలను తప్పించుకుని దిగిన కొర్నీలియా ఫోర్ట్, 1943 మార్చి 21న టెక్సస్‌లో బిటి-13 విమానాన్ని తీసుకెళ్తూ తోటి విమానంతో రాసుకుని కూలి చనిపోయింది. మీ కియామిచి ప్రమాదానికి సుమారు నెల తర్వాత. వాళ్ళకి మాజీ సైనికులుగా గుర్తింపు 1977లో గానీ రాలేదు.

అందుకే డాలస్_వాసి గారి ప్రశ్న నాకు చాలా ముఖ్యమనిపించింది. ఎవరు యుద్ధంలో పోయినట్టు అన్న దాన్ని ఆఫీసు కాగితం నిర్ణయిస్తే, ముప్ఫై నాలుగేళ్ళ పాటు ఈ ఆడవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

డాలస్_వాసి

నీలిరెక్క గారూ, జెండా సంగతి నాకు తెలియదు. మా అబ్బాయికి కూడా చదివి వినిపించాను, ‘వాళ్ళు నడిపినవి ఆర్మీ విమానాలే కదా నాన్నా’ అన్నాడు.

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మరి చట్టపరంగా ఆ నలుగురి పరిస్థితి ఏమిటి? యుద్ధంలో మరణించినవాళ్ళుగానే లెక్కా?

చరిత్రప్రియ

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ లెక్కలో సందేహం లేకుండా అవును. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 మధ్య సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ళందరినీ వాళ్ళు ఒకేలా చూస్తారు. తూటా తగిలినా, విమానం కూలినా, జ్వరంతో పోయినా తేడా లేదు. అధికారికీ సిపాయికీ కూడా తేడా చూపించరు. కెనడా, అమెరికా ప్రాంతాల్లో శిక్షణలోనో, విమానాలు తరలిస్తూనో పోయి, సమాధి కూడా దక్కని సుమారు 800 మంది పేర్లు ఒట్టావా స్మారకం మీద ఉన్నాయి.

ఫ్లోరిడాలో ఆర్కేడియా అనే ఊళ్ళో కూడా ఇరవై మూడు మంది బ్రిటిష్ క్యాడెట్ల సమాధులున్నాయి. ప్రతి ఏటా మెమోరియల్ డే నాడు ఊరివాళ్ళు అక్కడ సభ పెడతారు. ఎవరి పిల్లలో తెలియదు, అయినా దశాబ్దాలుగా చేస్తున్నారు.

అమెరికన్ల వైపు పర్పుల్ హార్ట్ పతకం మాత్రం శత్రు చర్యలో గాయపడినవాళ్ళకీ చనిపోయినవాళ్ళకీ మాత్రమే. శిక్షణ ప్రమాదంలో పోయిన ఆ 15,000 మందికి అది రాదు.

నిజమడుగు

ఆ నియమం నాకు సరైనదే అనిపిస్తుంది. పతకానికి ఒక నిర్దిష్టమైన అర్థం ఉండాలి. సమాధి రాయి అందరికీ ఒకటే ఉండటం కూడా అంతే సరైనది. వేగం విషయంలో నా అభిప్రాయం మారలేదు. మరాడర్ ఉదాహరణ మాత్రం ఆలోచించదగ్గది, దాని గురించి ఇంకా చదవాలి.

నీలిరెక్క

పతకం మాట పక్కన పెట్టండి. నేను అడుగుతున్నది జెండా గురించి, శవాన్ని ఇంటికి పంపే రైలు ఛార్జీ గురించి. అది ఇవ్వడానికి శత్రువు తూటా అవసరమా?

నిజమడుగు

లేదండీ. అందులో నాకు వేరే అభిప్రాయం లేదు.

గాలిపటం

ఇదంతా చదివాక అలాంటి ప్రమాదాల అసలు నివేదికలు చదవాలనిపిస్తోంది. ఎక్కడ దొరుకుతాయి? మామూలు మనుషులకి ఇస్తారా?

చరిత్రప్రియ

ఇస్తారు. అమెరికన్ ఆర్మీ ఎయిర్‌ఫోర్స్ ప్రమాద నివేదికలు అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్న ఎయిర్‌ఫోర్స్ హిస్టారికల్ రీసెర్చ్ ఏజెన్సీ దగ్గర మైక్రోఫిల్మ్ రూపంలో ఉన్నాయి. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌వి అయితే ఒక్కో ప్రమాదానికి ఒక్కో కార్డు, ఫారం 1180 అంటారు, అవి లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్నాయి. మరణాలకు సంబంధించిన ఫైళ్ళు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 81 అనే వరుసలో ఉంటాయి. అడిగేటప్పుడు తేదీ, విమానం సీరియల్ నంబరు, బయల్దేరిన స్థావరం, ఈ మూడూ రాయండి. పేరు ఒక్కటే రాస్తే వెతకడం చాలా కష్టం.

పాత_హ్యాంగర్

తమ్ముడూ, నివేదిక చేతికొస్తే ముందు చివరి పేజీలోని కారణం చదవకు. వాతావరణ నివేదిక, ఆ విమానం మెయింటెనెన్స్ రికార్డు, పైలట్ గత నెలలో ఎగిరిన గంటలు, ఇవి మొదట చూడు. నీకు ఏమనిపించిందో రాసిపెట్టుకుని, ఆ తర్వాత బోర్డు ఏం తేల్చిందో చూడు. దొరికితే ఇక్కడే పెట్టు, అందరం కలిసి చదువుదాం.